‘పెట్టాను మేడమ్’ అన్న అసైన్‌మెంట్ ఎక్కడ ఆగిపోతుంది: మూడుల్‌లో సబ్మిషన్లు చూసుకునే పద్ధతి

స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర ఒకమ్మాయి ఫోన్ పట్టుకుని నిలబడింది. "పెట్టాను మేడమ్, నిజంగా పెట్టాను, చూడండి" అంటూ స్క్రీన్ నా వైపు తిప్పింది. అప్పటికి ఇంటర్నల్ మార్కులు పంపేసి రెండు రోజులైంది, ఆమె పేరుకి ఎదురుగా అసైన్‌మెంట్ గడి ఖాళీగా వెళ్ళిపోయింది. స్క్రీన్ మీద చూస్తే ఫైలు ఉంది. పదకొండు పేజీల పీడీఎఫ్, చేత్తో రాసి స్కాన్ చేసింది, గడువుకి ఒక రోజు ముందే ఎక్కించింది. మార్జిన్ కొట్టి, హెడ్డింగులు ఆకుపచ్చ స్కెచ్‌తో రాసి, డిమాండ్ రేఖ స్కేలు పెట్టి మరీ గీసింది. పైన మాత్రం చిన్న అక్షరాల్లో ‘డ్రాఫ్ట్, నాట్ సబ్మిటెడ్’ అని ఉంది.

ఆమె ‘సేవ్ ఛేంజెస్’ నొక్కింది. ఆ తర్వాత ‘సబ్మిట్ అసైన్‌మెంట్’ అని ఇంకో బటన్ ఉంటుందని, అది కూడా నొక్కాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. దిద్దడానికి కూర్చున్నప్పుడు నేను ‘సబ్మిటెడ్’ అన్న ఫిల్టర్ పెట్టుకున్నాను కాబట్టి డ్రాఫ్ట్‌లో ఉన్నవి నా కంటికి కనపడనే లేదు. ఆ రోజు వెనక్కి వెళ్ళి చూస్తే ఆ అమ్మాయి ఒక్కతే కాదు, మూడు సెక్షన్లలో కలిపి ఇంకో ఆరుగురు అలాగే ఉన్నారు. లెటర్ రాసి మార్కులు సరిచేయించాం కానీ, అడగడానికి వచ్చే ధైర్యం ఆ ఒక్క అమ్మాయికే ఉందన్న సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. మిగతా ఆరుగురు సున్నా వచ్చిందనుకుని ఊరుకున్నారు.

అందుకే ఇది రాస్తున్నాను. పిల్లలు రాయడం పూర్తిచేసిన చోటు నుంచి మనం చూసే చోటు దాకా వాళ్ళ పని ఎక్కడెక్కడ జారిపోతుందో తెలుసుకుని, ఆ చోట్లన్నీ అసైన్‌మెంట్ పెట్టేటప్పుడే మూసేయాలి, తర్వాత చూసుకుందాంలే అంటే కుదరదు. మా కాలేజీలో మూడుల్ (పిల్లలు అసైన్‌మెంట్లు ఎక్కించే, మనం దిద్ది మార్కులు వేసే ఆన్‌లైన్ సైటు) వాడతాం కాబట్టి ఎక్కువ దాని గురించే చెప్తాను, చివర్లో గూగుల్ క్లాస్‌రూమ్ గురించి కొంచెం. మెనూ పేర్లు వెర్షన్‌ని బట్టి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, పని మాత్రం ఇదే.

ముందు ఆ బటన్ సంగతి

అసైన్‌మెంట్ తయారుచేసే పేజీలో ‘సబ్మిషన్ సెట్టింగ్స్’ కింద ‘రిక్వైర్ స్టూడెంట్స్ టు క్లిక్ ద సబ్మిట్ బటన్’ అని ఒకటి ఉంటుంది. మూడుల్‌లో మామూలుగా అది ‘నో’ లోనే ఉంటుంది, కానీ చాలా కాలేజీల్లో అడ్మిన్ దాన్ని ‘యెస్’ చేసి పెడతారు, మా దగ్గరా అదే జరిగింది. డిగ్రీ పిల్లలకి, అందులోనూ ఫోన్‌లోనే అన్నీ చేసుకునేవాళ్ళకి, దీన్ని ‘నో’ లో పెట్టమనే నేను చెప్తాను. అప్పుడు ఫైలు ఎక్కించి సేవ్ చేస్తే చాలు, అదే సబ్మిషన్. తప్పు ఫైలు పెట్టేశామని తెలిస్తే వాళ్ళే మార్చుకోవచ్చు, మిమ్మల్ని బతిమాలుకోనక్కర్లేదు.

దీనికి ఒక చిక్కు ఉంది. మీరు దిద్దేశాక కూడా, గడువు మూసుకోకపోతే, వాళ్ళు ఫైలు మార్చగలరు. కాబట్టి దిద్దడం మొదలుపెట్టేముందు అందరినీ సెలెక్ట్ చేసి ‘లాక్ సబ్మిషన్స్’ కొట్టండి, లేదా కటాఫ్ డేట్ పెట్టండి, దాని గురించి కింద చెప్తాను. ప్రాజెక్ట్ రిపోర్టు లాంటి పెద్ద పనికి ‘యెస్’ పెట్టడంలో అర్థం ఉంది, అప్పుడు పిల్లవాడు సబ్మిట్ నొక్కాక మార్చలేడు, తప్పు ఫైలు పెట్టాడంటే మీరే ‘రివర్ట్ టు డ్రాఫ్ట్’ కొట్టి తిరిగి తెరవాలి. ‘యెస్’ పెట్టినప్పుడు మాత్రం క్లాసులో ప్రొజెక్టర్ మీద ఒక్కసారి చేసి చూపించండి. ఆకుపచ్చ పట్టీలో ‘సబ్మిటెడ్ ఫర్ గ్రేడింగ్’ అని వచ్చిందాకా పని అయినట్టు కాదని చెప్పండి. ఆ పట్టీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోమని నేను ప్రతి సెమిస్టర్ మొదట్లో చెప్తాను, రేపు ఏదైనా తేడా వస్తే వాళ్ళ చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

గడువు పెట్టేటప్పుడు

మూడుల్‌లో పిల్లలకి సంబంధించిన తేదీలు మూడుంటాయి. ‘అలౌ సబ్మిషన్స్ ఫ్రమ్’ అంటే ఎప్పటి నుంచి తీసుకుంటారో, ‘డ్యూ డేట్’ అంటే గడువు, ‘కటాఫ్ డేట్’ అంటే తలుపు మూసే టైము. డ్యూ డేట్ దాటితే మూడుల్ ఆపదు, తీసుకుంటుంది, కాకపోతే ఎంత ఆలస్యమో పక్కన ఎర్రగా రాస్తుంది. కటాఫ్ దాటితేనే ఆపేస్తుంది. చాలామంది డ్యూ డేట్ ఒక్కటే పెట్టి వదిలేస్తారు, నెల తర్వాత కూడా ఫైళ్ళు వస్తూనే ఉంటాయి. ఇంకొందరు రెండూ ఒకే నిమిషానికి పెడతారు, అప్పుడు అయిదు నిమిషాలు నెట్ రాని పిల్లకి కూడా తలుపు మూసేసినట్టవుతుంది. నేను డ్యూ డేట్‌కీ కటాఫ్‌కీ మధ్య రెండు రోజులు ఉంచుతాను, ఆ రెండు రోజుల్లో వచ్చినవాటికి మార్కులు తగ్గించాలా వద్దా అన్నది మీ డిపార్ట్‌మెంట్ ఇష్టం, కానీ ఆ రూలు ముందే రాసి పెట్టండి.

ఇక్కడే అందరూ పడే గుంట ఒకటుంది. మూడుల్ తనంతట తాను పెట్టే డ్యూ డేట్ వారం తర్వాత 00:00 గంటలకి ఉంటుంది. ‘12వ తేదీ 00:00’ అంటే 11వ తేదీ రాత్రి పన్నెండు కొట్టే క్షణం. పిల్లలు మాత్రం ‘పన్నెండో తారీఖు కదా, ఇంకా రోజంతా ఉంది’ అనుకుంటారు, వాళ్ళు అలా అనుకోవడంలో తప్పేమీ లేదు, మనమైనా అలాగే చదువుతాం. ఆ గంట దగ్గర చెయ్యి పెట్టి మార్చకుండా పేజీ సేవ్ చేయకండి.

మార్చేటప్పుడు కూడా రాత్రి 11:59 పెట్టొద్దు. నేను పనిరోజు సాయంత్రం అయిదు గంటలకి పెడతాను. ఆ టైముకి కాలేజీ వై-ఫై దొరుకుతుంది, ఇంటర్నెట్ సెంటర్ తెరిచే ఉంటుంది, సర్వర్‌కి ఏమైనా అయితే చూడటానికి మనిషి ఉంటాడు. రాత్రి పదకొండున్నరకి పేజీ తెరుచుకోకపోతే హాస్టల్లో కూర్చున్న పిల్ల ఎవరికి ఫోన్ చేస్తుంది? సంక్రాంతికో దసరాకో ఊళ్ళకి వెళ్ళే వారంలో గడువు పెట్టడం కూడా మానేయండి, చాలా ఊళ్ళలో సిగ్నల్ కోసం డాబా ఎక్కాల్సిన పరిస్థితి ఇంకా ఉంది.

టైమ్‌జోన్ ఒకసారి చూసుకోండి. సర్వర్ ఎక్కడో ఉండి యూటీసీలో (మన టైము కంటే అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో) నడుస్తుంటే మీరు పెట్టిన సాయంత్రం అయిదు, మన టైములో రాత్రి పదిన్నర అవుతుంది. సైట్ సెట్టింగ్స్‌లో ఏషియా/కోల్‌కతా ఉందో లేదో అడ్మిన్‌ని అడగండి. ఎవరి ప్రొఫైల్‌లో ఏ టైమ్‌జోన్ ఉంటే వాళ్ళకి ఆ టైములోనే గడువు కనపడుతుంది, కాబట్టి విదేశాల్లో ఉన్న పిల్లలకి తెలుగు చెప్పేవాళ్ళు గడువుని ‘శనివారం సాయంత్రం’ అని మాటల్లో చెప్పకుండా మూడుల్‌లో కనపడే తేదీనే చూసుకోమని చెప్పడం మంచిది.

జ్వరం వచ్చినవాళ్ళు, ఇంట్లో ఏదైనా జరిగినవాళ్ళు, ఎన్‌సీసీ క్యాంపుకి వెళ్ళినవాళ్ళు ఉంటారు. వాళ్ళకోసం అందరి గడువూ జరపకండి, జరిపారంటే కష్టపడి టైముకి ఇచ్చినవాళ్ళకి అన్యాయం. సబ్మిషన్ల పట్టికలో ఆ పిల్ల పేరు పక్కన మెనూలో ‘గ్రాంట్ ఎక్స్‌టెన్షన్’ ఉంటుంది, ఆమె ఒక్కదానికే కొత్త తేదీ ఇవ్వొచ్చు, కటాఫ్ దాటినా తీసుకుంటుంది. ఎందుకు ఇచ్చారో మీ డైరీలో ఒక ముక్క రాసుకోండి.

ఏ ఫైలు, ఎంత సైజు

‘ఆక్సెప్టెడ్ ఫైల్ టైప్స్’ దగ్గర పీడీఎఫ్ ఒక్కటే పెట్టండి. ఇది పట్టుదల కోసం చెప్పడం లేదు. తెలుగు మీడియం పిల్లలు డీటీపీ సెంటర్‌లో టైపు చేయించుకొస్తారు, అక్కడ చాలాసార్లు అను ఫాంట్లలో (ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో సరిగ్గా కనపడని పాత రకం తెలుగు ఫాంట్లు) కొడతారు, ఆ వర్డ్ ఫైలు మన కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలన్నీ గందరగోళం, తెలుగు ముక్క ఒక్కటి కనపడదు. అదే పీడీఎఫ్ అయితే ఏ ఫోన్‌లో తెరిచినా అలాగే ఉంటుంది. అను టెక్స్ట్‌ని కాపీ చేసి ‘ఆన్‌లైన్ టెక్స్ట్’ పెట్టెలో అతికించినా ఇదే గోల. అక్కడ రాయించాలంటే ఫోన్‌లో ఉండే మామూలు తెలుగు కీబోర్డుతోనే రాయమనండి.

చేత్తో రాసినవి అయితే ఫోటోలు తీయొద్దని, స్కాన్ చేయమని చెప్పండి. ఒక్కో ఫోటో మూడు నాలుగు ఎంబీ ఉంటుంది, పది పేజీలు కలిస్తే సైటు పరిమితి దాటిపోయి ఎర్ర అక్షరాలు వస్తాయి, పిల్లకి ఏమైందో అర్థం కాక టెన్షన్ పడుతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్ డ్రైవ్ ముందే ఉంటుంది, అందులోనే స్కాన్ ఉంది, కొత్త యాప్ ఏదీ అక్కర్లేదు. పాత తరగతుల వాళ్ళు ఇప్పటికీ క్యామ్‌స్కానర్ పేరు చెప్తారు, 2020 జూన్‌లో కేంద్రం ఆపేసిన 59 యాప్‌లలో అదీ ఒకటి. పగటి వెలుతురులో, కిటికీ పక్కన, కాగితం చదునుగా పెట్టి, పేజీల వరస చూసుకుని ఒకే పీడీఎఫ్ చేయమని చెప్పండి. ‘మ్యాగ్జిమమ్ నంబర్ ఆఫ్ ఫైల్స్’ ఒకటికి తగ్గించండి, లేకపోతే పదకొండు పేజీలకి పదకొండు ఫైళ్ళు వస్తాయి, వాటికి వరస ఉండదు.

ఫైలు పేరు కూడా ముఖ్యమే. డౌన్‌లోడ్ చేసినప్పుడు మూడుల్ పిల్లల పేర్లతో ఫోల్డర్లు ఇస్తుంది కాబట్టి గందరగోళం తక్కువే, అయినా హాల్‌టికెట్ నంబరు, అసైన్‌మెంట్ నంబరు ఫైలు పేరులో ఉంటే తర్వాత వెతుక్కోవడం సులువు. ‘డాక్-20240911-డబ్ల్యూఏ0012’ లాంటి పేరు ఉందంటే ఆ ఫైలు వాట్సాప్ మీదుగా వచ్చిందన్నమాట. అంతమాత్రాన కాపీ కొట్టారని తేల్చేయకండి. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి స్కాన్ చేసి ఆ పిల్లకే వాట్సాప్‌లో పంపి ఉండొచ్చు. అనుమానం వస్తే పిలిచి, రాసినదాంట్లోంచి రెండు ప్రశ్నలు అడగండి, ఎవరు రాశారో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. చాట్‌జీపీటీతో రాయించుకొచ్చారేమో అన్న అనుమానానికి కూడా నాకు తెలిసిన నమ్మకమైన మందు ఇదొక్కటే.

అన్నిటికంటే ముఖ్యం, తీసుకునే తలుపు ఒక్కటే ఉండాలి. వాట్సాప్‌లో కొందరు, మెయిల్లో కొందరు, క్లాస్ లీడర్ చేతికి కొందరు ఇస్తే మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎవరిదో ఒకరిది పోతుంది. సైటు నిజంగా పడిపోయిన రోజు మాత్రం మెయిల్ చేయమనండి, అది టైముకి చేశారనడానికి సాక్ష్యం, సైటు లేచాక అదే ఫైలు మళ్ళీ మూడుల్‌లో పెట్టాలి. అప్పటికి కటాఫ్ దాటిపోతే వాళ్ళకి పైన చెప్పిన ఎక్స్‌టెన్షన్ ఇచ్చేయండి.

గ్రూప్ అసైన్‌మెంట్ పెట్టేవాళ్ళకి ఒక్క మాట. గ్రూపులు ముందే చేసి, అందరూ ఏదో ఒక గ్రూపులో ఉన్నారో లేదో లెక్కపెట్టుకోండి. ఏ గ్రూపులోనూ లేనివాళ్ళందరినీ మూడుల్ ‘డిఫాల్ట్ గ్రూప్’ అని ఒకే గంపలో వేస్తుంది, అప్పుడు ఒకరు పెట్టిన ఫైలు ఇంకొకరు మార్చేయగలరు. ‘రిక్వైర్ గ్రూప్ టు మేక్ సబ్మిషన్’ని ‘యెస్’ చేస్తే గ్రూపులో లేనివాళ్ళకి ముందే ఆగిపోతుంది, వచ్చి అడుగుతారు.

దిద్దడం

కొద్దిమందే ఉంటే పేజీలోనే పీడీఎఫ్ మీద పెన్నుతో దిద్దినట్టు దిద్దొచ్చు. నూటయాభై మంది ఉండి, ఇంట్లో నెట్ అంతంత మాత్రమే అయితే ‘డౌన్‌లోడ్ ఆల్ సబ్మిషన్స్’ కొట్టి జిప్ దించుకోండి. దిద్దిన పీడీఎఫ్‌లు మళ్ళీ జిప్ చేసి ఒకేసారి ఎక్కించొచ్చు, దానికి ఫీడ్‌బ్యాక్ టైప్స్‌లో ‘ఫీడ్‌బ్యాక్ ఫైల్స్’ టిక్ పెట్టి ఉండాలి. ఒక్కటే షరతు, మూడుల్ ఇచ్చిన ఫోల్డర్ల పేర్లు మార్చకూడదు, ఆ పేరులో ఉన్న నంబరు చూసే అది ఎవరిదో పోల్చుకుంటుంది.

మార్కులకి ‘ఆఫ్‌లైన్ గ్రేడింగ్ వర్క్‌షీట్’ ఉంది, అది కూడా ముందే టిక్ పెట్టాలి. సీఎస్‌వీ ఫైలు (ఎక్సెల్‌లో తెరుచుకునే సాదా పట్టిక) దిగుతుంది, ఎక్సెల్‌లో మార్కులు, వ్యాఖ్యలు నింపి తిరిగి ఎక్కించడమే. మొదటి కాలమ్‌లో ఉన్న ఐడెంటిఫయర్‌ని ముట్టుకోకండి. వ్యాఖ్యలు తెలుగులో రాస్తే సేవ్ చేసేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్నదే ఎంచుకోండి, మామూలు సీఎస్‌వీ చేశారంటే మీరు గంటల తరబడి రాసినదంతా ప్రశ్నార్థకాలై పిల్లలకి వెళ్తుంది. నాకు ఒక సెక్షన్ మొత్తం అలాగే పోయింది, మళ్ళీ కూర్చుని అరవై మందికీ రాశాను.

పేజీలోనే ‘క్విక్ గ్రేడింగ్’తో మార్కులు కొడుతుంటే కింద ఉన్న సేవ్ బటన్ నొక్కాకే ఇంకో పేజీకి వెళ్ళండి. పది పేర్లకి ఒకసారి సేవ్ చేయడం అలవాటు చేసుకుంటే కరెంటు పోయినా బాధ ఉండదు.

వ్యాఖ్య రాయకుండా అంకె ఒక్కటే పెట్టి వదిలేయకండి, దయచేసి. ‘గుడ్’ అన్న మాట కూడా చాలదు. ‘రేఖ సరిగ్గా గీశావు, కానీ కింద వివరణలో ధర పెరిగితే డిమాండ్ పెరుగుతుందని రాశావు, నీ గీత నువ్వే చూసి మళ్ళీ చదువు’ అని ఒక్క వాక్యం రాస్తే ఆ పిల్ల తన కాగితం తెరిచి చూసుకుంటుంది. పదే పదే వచ్చే తప్పులకి వాక్యాలు ఒక నోట్‌ప్యాడ్‌లో రాసి పెట్టుకుని అతికించండి, చివర్లో ఆ పిల్లకే చెందిన మాట ఒకటి కలపండి.

మార్కులు ఒక్కొక్కరికీ విడివిడిగా కనపడుతుంటే ‘నాకెందుకు రాలేదు’ అని ఫోన్లు మొదలవుతాయి. ‘మార్కింగ్ వర్క్‌ఫ్లో’ని ‘యెస్’ చేసుకుంటే మీరు దిద్దుతున్నంతసేపూ ఎవరికీ కనపడవు, అందరివీ అయ్యాక సెలెక్ట్ చేసి ‘రిలీజ్డ్’ చేస్తే ఒకేసారి కనపడతాయి. రిలీజ్ చేయడం మర్చిపోతే ఎవరికీ కనపడవన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఖాళీ గడి వేరు, సున్నా వేరు

ఇవ్వనివాళ్ళ గడి ఖాళీగా వదిలేస్తే గ్రేడ్‌బుక్ (మూడుల్‌లో అందరి మార్కులూ కలిపి లెక్కకట్టే పట్టిక) దాన్ని సున్నాగా లెక్కపెట్టదు, లెక్కలోంచే తీసేస్తుంది. అయిదు అసైన్‌మెంట్లలో రెండే ఇచ్చి రెంటిలోనూ ఎనిమిది తెచ్చుకున్నవాడి సగటు ఎనిమిది, అయిదూ ఇచ్చి ఏడేసి తెచ్చుకున్న అమ్మాయి సగటు ఏడు. ఇది ఎంత అన్యాయమో చూడండి. కటాఫ్ దాటాక, ఎక్స్‌టెన్షన్లు కూడా అయిపోయాక, ‘నాట్ సబ్మిటెడ్’ ఫిల్టర్ పెట్టి మిగిలినవాళ్ళకి సున్నా వేయండి, లేదా గ్రేడ్‌బుక్‌లో ‘ఎక్స్‌క్లూడ్ ఎంప్టీ గ్రేడ్స్’ టిక్ తీసేయండి. ఒకటి రెండు పోయినా పిల్లలు మునిగిపోకూడదనుకుంటే దానికి వేరే దారి ఉంది. ఐఐటీల వాళ్ళు నడిపే ఆన్‌లైన్ కోర్సులు ఎన్‌పీటెల్‌లో 12 వారాల కోర్సుకి 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 మాత్రమే లెక్కిస్తారు, మూడుల్ గ్రేడ్‌బుక్‌లో కూడా ‘డ్రాప్ ద లోయెస్ట్’ అని ఉంది.

సున్నా వేసేముందు మాత్రం ‘డ్రాఫ్ట్’ ఫిల్టర్ ఒకసారి పెట్టి చూడండి. గడువుకి ముందు రోజు కూడా చూడండి, అందులో ఎవరైనా ఉంటే వాళ్ళకి విడిగా మెసేజ్ చేయండి. ఇవ్వనివాళ్ళ పేర్లు క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఫోన్ రీఛార్జ్ చేయించుకోలేక ఆగిపోయిన పిల్ల పేరు అందరి ముందూ పెట్టాక, ఆ పిల్ల మళ్ళీ మన దగ్గరికి వచ్చి ఏదీ అడగదు.

గూగుల్ క్లాస్‌రూమ్ వాడేవాళ్ళకి

ఇక్కడ గుంట వేరే చోట ఉంది. ఫైలు ఏదీ జత చేయకపోతే బటన్ మీద ‘మార్క్ యాజ్ డన్’ అని ఉంటుంది, జత చేశాకే అది ‘టర్న్ ఇన్’ అవుతుంది. చాలామంది పిల్లలు నోట్‌బుక్‌లో రాసేసి, నిజాయితీగానే ‘డన్’ నొక్కేస్తారు, మనకి చేసేసినట్టే కనపడుతుంది, తెరిస్తే లోపల ఏమీ ఉండదు. అందుకని ఎంతమంది ఇచ్చారన్న అంకె చూసి సంతోషపడకుండా ఒక్కొక్కటి తెరిచి చూడాలి. గడువు దాటాక ‘అన్‌సబ్మిట్’ చేసి మళ్ళీ ఇస్తే ఆలస్యం అని పడుతుంది, ఈ సంగతి వాళ్ళకి ముందే చెప్పండి, అచ్చుతప్పు దిద్దుకోబోయి ఇరుక్కుంటారు. డ్రైవ్ లింకు కాపీ చేసి కామెంట్లో పెడితే మీకు ‘యాక్సెస్ అడగండి’ అని వస్తుంది, ‘యాడ్ ఆర్ క్రియేట్’ ద్వారానే జత చేయమనండి.

చివరగా, మూడుల్‌కే తిరిగొస్తే, సెమిస్టర్ అయిపోయాక కొత్త బ్యాచ్ కోసం అడ్మిన్ కోర్సుని రీసెట్ చేస్తారు, అందులో సబ్మిషన్లు కూడా తుడిచేసే అవకాశం ఉంది. అది జరగకముందే ప్రతి అసైన్‌మెంట్ జిప్, మార్కుల వర్క్‌షీట్ దించి కాలేజీ కంప్యూటర్‌లో ఒక కాపీ, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకోండి. ఫలితాలు వచ్చి, ఇంటర్నల్ మార్కుల మీద అభ్యంతరాలు చెప్పుకునే గడువు దాటేదాకా వాటిని తీసేయకండి.